నీట మునిగిన మోడల్ రైల్వే లేఅవుట్‌ను మళ్ళీ కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో ఇంట్లో చిన్న రైళ్ళు నడుపుకునేవాళ్ళం కొద్దిమందిమే. ఆ కొద్దిమందికీ నీళ్ళ బెంగ మాత్రం తప్పదు. జులై, ఆగస్టుల్లో గోదావరి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, ఏడాది పొడుగునా కారే స్లాబు. లేఅవుట్ (బల్ల మీద పట్టాలు, కొండలు, స్టేషన్లతో కట్టుకున్న చిన్న రైల్వే) తడిసిపోయిందని ఫోన్ చేసేవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట: నీళ్ళలో పాడయ్యేది ఎక్కువగా చెక్క, ప్లాస్టర్, అట్ట. అవి మన ఊళ్ళోనే మళ్ళీ దొరుకుతాయి. ఖరీదు పెట్టి తెప్పించుకున్న ఇంజన్లు, ట్రాక్ చాలావరకు బతుకుతాయి. తొందరపడి కరెంటు పెడితేనే అవి పోతాయి.

నీళ్ళు తీశాయి. గదిలోకి వెళ్ళగానే మొదట ఏం చెయ్యాలి?

మెయిన్ స్విచ్ ఆపండి. గదిలో తడి ఉన్నంతసేపూ దాన్ని ఆన్ చెయ్యొద్దు. కాళ్ళకు బూట్లు, చేతులకు రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. వరద తీశాక పాములు, తేళ్ళు చీకటిగా ఉన్న చోట దూరతాయి. లేఅవుట్ బేస్ కింద ఖాళీ వాటికి అనువైన చోటు. కర్రతో తట్టి, టార్చి వేసి చూశాకే కిందికి చెయ్యి పెట్టండి. వరద నీళ్ళలో ఎలుక జ్వరం భయం కూడా ఉంటుంది. చేతిమీద గాయం ఉంటే ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.

ఏదీ కదపకముందే ఫొటోలు తీయండి. గోడమీద నీటి చార ఎంత ఎత్తున ఉందో టేపు పట్టి తీయండి. ఆ ఎత్తు తర్వాత మళ్ళీ కట్టేటప్పుడు కావాలి. తర్వాత ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు బయటికి తేవాలి. ఆ వెంటనే కాగితం, అట్టతో చేసినవి. లేఅవుట్ బల్లని చివర్న చూసుకోవచ్చు.

ఏ నీళ్ళైనా నీళ్ళే కదా, తేడా ఏముంది?

చాలా ఉంది. ఏ నీళ్ళో తెలియకుండా శుభ్రం చెయ్యడం మొదలుపెడితే సగం శ్రమ వృథా అవుతుంది.

గోదావరి వరద నీరు ఎర్రగా, ఒండ్రుతో వస్తుంది. ఆ ఒండ్రు పిండిలా మెత్తగా ఉంటుంది కాబట్టి ఇంజన్ గేర్లలోకి, పాయింట్ల (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పట్టాల) సందుల్లోకి, స్లీపర్ల కిందికి దూరుతుంది. ఆరిందంటే సిమెంటులా పట్టేస్తుంది. అందుకని దాన్ని తడిగా ఉన్నప్పుడే కడగాలి. కడగడం వెంటనే వీలు కాకపోతే సామానుని మంచినీళ్ళ బక్కెట్లో ఉంచండి, అంతేగాని బురదతో ఎండనివ్వకండి. లోహాన్ని ఒకటి రెండు రోజులు మంచినీళ్ళలో ఉంచడంకన్నా బురదతో ఎండబెట్టడమే ఎక్కువ చేటు.

తుపానుకు సముద్రపు పోటు వచ్చినా, ఉప్పుటేరు పొంగినా, పక్కనున్న రొయ్యల చెరువు గట్టు తెగినా వచ్చేది ఉప్పునీరు. అన్నిటికన్నా చెడ్డది ఇదే. ఆరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ లోపల మిగిలిన ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటూ రాగిని, ఇనుముని నెలల తరబడి తింటూనే ఉంటుంది. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉన్నవాళ్ళు ప్రతి లోహపు వస్తువునీ మంచినీళ్ళలో నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి నానబెట్టాలి. చివరిసారి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ళే అవి, ఏ బ్యాటరీ షాపులోనైనా క్యాన్లలో దొరుకుతాయి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, వాటితో కడిగి అయిపోయిందనుకోవద్దు.

డ్రెయిన్ పొంగి వచ్చినవి మురికి నీళ్ళు. వాటికి సబ్బు, మాస్కు తప్పనిసరి. స్లాబు కారి పడినవి చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి, కానీ సిమెంటులోని సున్నం తెస్తాయి. పట్టాల మీద తెల్లటి మరకలు వస్తే వెనిగర్‌లో తడిపిన బట్టతో తుడిచి, వెంటనే నీళ్ళతో కడిగెయ్యండి. ఇక్కడ ఇంకో సంగతి: స్లాబు బాగుచేయించకుండా లేఅవుట్ బాగుచెయ్యడం మొదలుపెట్టొద్దు.

ఇంజన్లు పూర్తిగా మునిగాయి. పనికొస్తాయా?

చాలావరకు వస్తాయి. షరతు ఒకటే, పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు. తిరుగుతుందో లేదో చూద్దామని చక్రాన్ని వేలితో తిప్పొద్దు. గేరులో ఇసుక ఉంటే ప్లాస్టిక్ పళ్ళు అరిగిపోతాయి.

పై బాడీ విప్పండి. డిజిటల్ ఇంజన్ అయితే డీకోడర్ (కంట్రోలరు పంపే ఆదేశాలని అందుకుని మోటారుని నడిపే చిన్న సర్క్యూట్) ఊడదీసి పక్కన పెట్టండి. బాడీని గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్‌తో కడగొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాడీకి తగలనివ్వకండి, రంగు, అక్షరాలు లేచిపోతాయి. చాసిస్‌ని (చక్రాలుండే కింది చట్రాన్ని), మోటారుని మంచినీళ్ళలో ఆడించి ఒండ్రు అంతా పోయాక డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీయండి. మోటారు మళ్ళీ నీళ్ళలో పెట్టాలంటే చెయ్యాడదు, అది సహజం. కానీ ఇప్పటికే అది మునిగింది, లోపలున్న బురదని బయటికి తెచ్చేది నీళ్ళే.

తర్వాత కెమెరా లెన్సు ఊదే రబ్బరు బ్లోయర్‌తో ఊది, నీడలో, ఫ్యాను గాలికి పెట్టండి. ఎండలో వద్దు. మన ఎండకి ప్లాస్టిక్ బాడీ వంగిపోతే మళ్ళీ సాపు కాదు. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలీ అంతే. పైకి ఆరిపోయాయి అనిపించాక మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో ఇంకో వారం ఉంచండి. వర్షాకాలం మన దగ్గర గాలిలో ఉండే తేమకి మోటారు చుట్టలోని తడి ఫ్యాను గాలితో మాత్రమే పోదు.

ఆరాక పాత గ్రీజు తుడిచేసి, ఇరుసులకీ బేరింగులకీ కుట్టు మిషను నూనె సూది మొనతో ఒక్కో చుక్క పెట్టండి. గేర్లకి ప్లాస్టిక్‌ని పాడుచెయ్యని గ్రీజు. ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా అని వెయ్యొద్దు. శీతాకాలం పొద్దున పేరుకుంటుంది, తర్వాత జిగురవుతుంది. డీకోడర్ లేని మామూలు డీసీ ఇంజన్‌ని మొదట 9 వోల్టుల బ్యాటరీతో రెండు మూడు సెకన్లు తాకించి చూడండి. తిరిగితే మంచిదే. మూలిగితే విప్పి కమ్యుటేటర్ (మోటారు చుట్టకి కరెంటు అందించే రాగి భాగం), దానికి ఆనుకునే కార్బన్ బ్రష్‌లు ఆల్కహాల్‌తో తుడవండి. డీకోడర్‌ని కూడా డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టి, మొదట ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్‌ని సెట్ చేసుకునే విడి పట్టాల ముక్క) మీదే పెట్టి చూడండి. అక్కడ కరెంటు పరిమితంగా వస్తుంది కాబట్టి లోపం ఉన్నా కాలిపోయే ప్రమాదం తక్కువ.

బియ్యం డబ్బాలో పెడితే తడి లాగేస్తుందట?

పెద్దగా లాగదు. పైగా బియ్యం పిండి, నూకలు గేర్లలో చేరతాయి. సిలికా జెల్ కొనుక్కోండి. రంగు మారేది కొంటే తడి నిండిందో లేదో తెలుస్తుంది. దాన్ని వేడిచేసి ఆరబెడితే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

ట్రాక్ మొత్తం పీకి పారేయాలా?

వద్దు. ఇప్పుడు వచ్చే మంచి ట్రాక్‌లో పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. తుప్పు పట్టదు, నల్లబడుతుంది అంతే. ఆల్కహాల్‌లో తడిపిన బట్టతో తుడిస్తే పోతుంది. గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు, ఆ గీతల్లో మళ్ళీ మురికి చేరుతుంది. పాత సెట్ల ఉక్కు పట్టాలైతే తుప్పు లోతుగా తింటుంది. వాటిని దాచుకోండి, నడపడానికి మాత్రం కొత్తవి వేసుకోండి.

ట్రాక్ ఊడదీయడానికి నీళ్ళే సాయం చేస్తాయి. మనం కంకర పరిచేటప్పుడు ఫెవికాల్‌ని నీళ్ళలో కలిపి పోస్తాం. మామూలు తెల్ల ఫెవికాల్ నానితే మెత్తబడుతుంది. కాబట్టి లేఅవుట్ ఇంకా తడిగా ఉన్నప్పుడే పలుచటి గరిటె స్లీపర్ల కిందికి దూర్చి మెల్లగా లేపండి. ఆరిపోతే గోరువెచ్చని నీళ్ళు చల్లి అరగంట ఆగండి. మేకులు తుప్పు పట్టి ఉంటాయి, వాటిని ముందు తీసెయ్యాలి, లేకపోతే స్లీపర్లు విరుగుతాయి.

పాయింట్లని పళ్ళ బ్రష్‌తో, పారే నీళ్ళ కింద కడగండి. కదిలే బ్లేడుకీ పక్కన కదలకుండా ఉండే పట్టాకీ మధ్య ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు, బండి పట్టాలు తప్పడానికి. పాయింట్లని కదపడానికి వాటి కిందుండే సోలినాయిడ్ మోటార్లలో (కరెంటు ఇస్తే ఇనుప కడ్డీని లాగే తీగచుట్టలు) ఆ కడ్డీ తుప్పు పడుతుంది. కడ్డీ చేత్తో జారుగా కదిలితే ఉంచుకోండి, పట్టేస్తే మార్చండి.

చెక్క బేస్ పైకి బాగానే ఉంది. ఉంచేయొచ్చా?

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అయితే మరో ఆలోచన లేదు, పారేయండి. ఒకసారి ఉబ్బితే మళ్ళీ దిగవు. ప్లైవుడ్ అయితే అంచు చూడండి. పొరలు విడిపోతే అయిపోయినట్టే. విడిపోకపోతే, మధ్యలో వేళ్ళ కణుపులతో కొట్టి వినండి. బోలుగా మోగిన చోట లోపల పొర లేచింది. టేకు, వేప రీపర్లతో కట్టిన ఫ్రేము సాధారణంగా నిలబడుతుంది, కానీ మేకులూ స్క్రూలూ మార్చాలి.

దుకాణంలో ‘ఎంఆర్’ గ్రేడు ప్లైవుడ్ చూపించి తేమని తట్టుకుంటుంది అంటారు. తేమ వరకు నిజమే, మునకని తట్టుకోదు. మనకి కావలసింది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. దాన్ని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షిస్తారు. ధర ఎక్కువే. డెల్టాలో మాత్రం ఆ తేడా పెట్టడం న్యాయం అంటాను.

ప్లాస్టర్ కొండలు, థర్మాకోల్ గట్లు?

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఎక్కువసేపు నానితే సుద్దలా రాలుతుంది. కొట్టేసి కొత్తగా చేసుకోండి. థర్మాకోల్ పాడవదు కానీ గింజల మధ్య మురికి నీరు పట్టుకుని వాసన వేస్తుంది. డ్రెయిన్ నీళ్ళు తగిలినదైతే ఉంచొద్దు.

అట్టతో చేసిన స్టేషను, పాత డబ్బాలు, మా చేతి ప్లాన్లు తడిశాయి.

తడి కాగితం మీద బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. ఒకేసారి అన్నీ ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో విడివిడిగా పెట్టి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఉంచండి. కాగితం గడ్డకట్టినంతకాలం బూజు పెరగదు. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే తీసి, రంగు అంటని తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఆ కాగితాలు మారుస్తూ ఆరబెట్టండి. అంటుకున్న పేజీలని లాగొద్దు. ప్లాన్లని తడిగా ఉండగానే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

వైరింగ్ ఎంతవరకు మార్చాలి?

రాగి తీగ చివర నల్లగా గాని పచ్చగా గాని కనిపిస్తే, ఆ మచ్చ ప్లాస్టిక్ తొడుగు లోపల ఇంకా పైకి పాకి ఉంటుంది. కొంచెం కొంచెం కత్తిరిస్తూ మెరిసే రాగి వచ్చేదాకా వెళ్ళండి. చాలాసార్లు తీగ మొత్తం మార్చడమే తేలిక. స్క్రూ కనెక్టర్లు అన్నీ మార్చండి. అయిపోయాక ఇంజన్లు, పెట్టెలు అన్నీ దించేసి మల్టీమీటర్‌తో రెండు పట్టాల మధ్య చూడండి. బీప్ వినిపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది. బీప్ లేకుండా కొంత రీడింగు వస్తే బల్లలో ఇంకా తడి, ఉప్పు ఉన్నాయని అనుమానించాలి.

కంట్రోలరు, ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో నా మాట గట్టిగానే చెబుతాను: 230 వోల్టులు వెళ్ళే ఏ పెట్టె మునిగినా దాన్ని వాడొద్దు. పట్టాల మీద వచ్చే 12 వోల్టులతో ప్రాణభయం లేదు, కానీ ఆ పెట్టె లోపల ఇన్సులేషన్ పాడైతే ఇంటి కరెంటు పట్టాల దాకా వస్తుంది. దాని మీద చెయ్యి వేసేది పిల్లలు.

బూజు వాసన పోవడం లేదు.

వాసన ఉందంటే ఎక్కడో తడి ఉంది. బేస్ కింది వైపు, ట్రాక్ కింద పరిచిన కార్క్ షీటు కింద చూడండి. మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి, స్పిరిట్‌లో తడిపిన బట్టతో తుడవండి. కార్క్‌కి బూజు పట్టితే తీసెయ్యాలి.

మళ్ళీ కట్టడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

సంక్రాంతి వెళ్ళాక. వరద జులైలో వచ్చిందనుకోండి, దసరాకల్లా బండి నడపాలని మనసు లాగుతుంది. కానీ అప్పటికి గోడలే ఆరవు. తేమ ఉన్న చెక్కతో కట్టిన ఫ్రేము మార్చి, ఏప్రిల్ నెలల ఎండకి బిగిసి మెలి తిరుగుతుంది, దానితోపాటు ట్రాక్ కూడా. ఆ మధ్య నెలల్లో ఇంజన్లు బాగుచేసుకోండి, పెట్టెలు కడగండి, ప్లాన్ గీయండి. జనవరి నుంచి మే దాకా మన దగ్గర చెక్కపనికి మంచి కాలం.

మళ్ళీ నీళ్ళొస్తే? అప్పుడు కూడా ఇదే గతా?

అందరూ చివర్న అడుగుతారు గానీ, మొదట అడగాల్సింది ఈ ప్రశ్నే. 1986 ఆగస్టులో వచ్చింది, 2022 జులైలో వచ్చింది, 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో మన పెద్దవాళ్ళకి తెలుసు. ఇంకోసారి రాదనుకుని కట్టకూడదు. వస్తే పైకి ఎత్తేసేలా కట్టాలి.

అంటే ఒకే పెద్ద బల్ల వద్దు. నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ముక్కలుగా చెయ్యండి. ఒక్కో ముక్కని ఇద్దరు పట్టుకుని మేడమెట్లు ఎక్కగలగాలి. మెట్ల మలుపు కొలిచి మరీ ముక్క పొడవు నిర్ణయించండి, అటక మీద పెట్టాలంటే అటక నోరు కూడా కొలవండి. ముక్కల్ని కలిపేది బోల్టులు, సీతాకోకచిలుక నట్లు. స్పానరు వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు. వైర్లు కలిసేచోట ప్లగ్ కనెక్టర్లు, ప్రతి జతకీ ఒకే నంబరు. కంట్రోలరు, సాకెట్లు గోడమీద నీటి చార కన్నా పైన.

బల్ల కాళ్ళకి స్లాటెడ్ యాంగిల్స్ (వరసగా రంధ్రాలుండే ఇనుప కమ్మీలు) వాడండి. బేస్ పైన ట్రాక్ కింద పరచడానికి పీవీసీ ఫోమ్ షీటు మంచిది, నీళ్ళు పీల్చదు. కింద రీపర్లు దగ్గరగా లేకపోతే వేసవిలో అది కుంగుతుందని గుర్తుంచుకోండి. ఇంకో చిక్కు, మామూలు ఫెవికాల్ దానికి పట్టదు. ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు జిగురు పడుతుంది, కానీ అదే జిగురు థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. ఏది దేనిమీద అతుకుతుందో చిన్న ముక్క మీద చూసి పని మొదలుపెట్టండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. కోసిన ప్రతి ప్లైవుడ్ అంచుకీ రెండు పూతలు పెయింటు.

ఎప్పుడు ఎత్తాలి? దీన్ని ముందే నిర్ణయించుకుని గోడమీద రాసి పెట్టండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75 అడుగులకి, మూడోది 17.75 అడుగులకి ఇస్తారు. భద్రాచలం దగ్గర మట్టం పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి వ్యవధి ఉంటుంది, టీవీలో ఆ అంకె చూస్తూ ఉంటే మనకి టైము దొరుకుతుంది. ఏటిగట్టు లోపల లంకల్లో ఉండేవాళ్ళు మొదటి హెచ్చరికకే, గట్టు బయట ఉండేవాళ్ళు రెండోదానికి ముక్కలు విప్పి పైకి చేర్చాలని నా సలహా. మూడోది వచ్చాక ఇంట్లో మనుషుల సంగతి, పశువుల సంగతి చూసుకోవాలి. అప్పుడు రైళ్ళ గురించి టెన్షన్ ఉండకూడదు.

ఈసారి గోదావరి వంతెన పెట్టాలని ఉంది. చోటు సరిపోతుందా?

రాజమండ్రిలో 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన హేవలాక్ వంతెనకి 56 స్పానులు, ఒక్కొక్కటి 150 అడుగులు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87లో ఒక వంతుకి, ఒక్క స్పాను దాదాపు 52 సెంటీమీటర్లు వస్తుంది. అయిదు స్పానులు చేస్తే చూసేవాడికి గోదావరి తెలిసిపోతుంది. 1997 నాటి విల్లు వంతెనకి 97.55 మీటర్ల స్పానులు 28. హెచ్‌ఓలో ఒక్క విల్లే మీటరు దాటి 112 సెంటీమీటర్లు. మొత్తం వంతెన చెయ్యాలంటే 31 మీటర్లకు పైగా హాలు కావాలి. నాలుగడుగుల ముక్కలో ఒక్క విల్లు సరిగ్గా పడుతుంది కాబట్టి ముక్కకి ఒకటి చొప్పున రెండు చేసుకుంటే అందంగా ఉంటుంది.

చోటు తక్కువైతే ఎన్ స్కేలుకి మారడం గురించి ఆలోచించండి. 160లో ఒక వంతు, విల్లు 61 సెంటీమీటర్లే. ఎత్తడానికీ తేలిక. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, దానికి హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్లు దాటాలి, దొరికే ట్రాక్ 16.5. ఎన్‌లో పదిన్నర రావాలి, దొరికేది 9. రెండిట్లోనూ రాజీ పడక తప్పదు కాబట్టి ఆ కారణంతో దేన్నీ వదులుకోనక్కర్లేదు. వంతెన గడ్డర్లు అట్టతో వద్దు, స్టైరీన్ షీటుతో (పలుచటి ప్లాస్టిక్ రేకు) చెయ్యండి.

మా నాన్నగారు కట్టిన లేఅవుట్ అండి. ఆయన లేరు. అచ్చంగా అదే మళ్ళీ కట్టాలా?

అక్కర్లేదండి. ఆయన చేత్తో చేసినవి ఏవో ముందు విడదీయండి: గేటు, సిగ్నలు, రంగు వేసిన ఒక ఇల్లు, అట్ట మీద రాసిన స్టేషను పేరు. అవి వంకరపోయినా ఉంచండి, ఆరబెట్టి కొత్త లేఅవుట్‌లో ఒక చోటు వాటికి ఇవ్వండి. బల్ల, ప్లాస్టర్, వైర్లు ఆయన కొన్న సామాను మాత్రమే, వాటిని వదిలేస్తే తప్పేమీ లేదు. పాత ప్లాన్‌లో మీకు బాగా గుర్తున్న మలుపో, స్టేషనో ఒకటి అలాగే తీసుకుని మిగతాది మీ గదికి తగ్గట్టు మార్చుకోండి. అమ్మగారు ఉంటే ఆవిడని అడగండి, ఏది ఎప్పుడు చేశారో ఆవిడకి గుర్తుంటుంది.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఇంటికి భారత్ గృహ రక్ష లాంటి పాలసీ ఉంటే వరద, తుపాను నష్టం దాని పరిధిలోకి వస్తుంది. ఇంట్లో సామాను కూడా పాలసీలో ఉందో లేదో చూసుకోండి. సర్వేయరు వచ్చేదాకా పాడైనవి పారేయొద్దు. ఇంజన్ల బిల్లులు మెయిల్లో దాచుకోండి.

ఇంట్లోకొచ్చిన ఒండ్రుమట్టినే సీనరీకి వాడొచ్చా?

వాడొచ్చు, రంగు అంతకన్నా సరిగ్గా ఎక్కడా దొరకదు. డ్రెయిన్ నీళ్ళు కలిసినదైతే మాత్రం వద్దు. బాగా ఎండబెట్టి, పాత ఇనుప మూకుడులో వేయించి, పలుచటి బట్టలో జల్లించండి. తర్వాత కాగితం మీద పరిచి అయస్కాంతం తిప్పండి. మన ఇసుకలో, మట్టిలో నల్లటి ఇనుప రేణువులు ఉంటాయి, అవి మోటారు అయస్కాంతానికి అంటుకుంటే ఇంజన్ ఆగిపోతుంది. అయస్కాంతానికి ఏమీ అంటనంతవరకూ మళ్ళీ మళ్ళీ తిప్పాలి. కొబ్బరి పొట్టు చల్లాలనుకుంటే అదీ వేయించే చల్లండి, పచ్చిది బూజు పడుతుంది. కొబ్బరాకులకి పీచు, వరిమళ్ళకి స్టాటిక్ గ్రాస్ (గడ్డిలా నిలబడే సన్నటి పోగులు) సరిపోతాయి. అతికించాక పైన మ్యాట్ వార్నిష్ ఒక పూత కొట్టండి, మట్టి రేగి పట్టాల మీద పడదు.